తమరెప్పుడు ఒప్పుకుంటారు?

మా ఖోబార్‌లో శుక్రవారం తెలుగువాళ్ళ భోజనాలంటే ఒక పద్ధతుంది. హాల్లో మగవాళ్ళు, లోపలి గదిలో ఆడవాళ్ళు, రెంటికీ మధ్య పరుగెత్తే పిల్లలు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. సౌదీ హోటళ్ళలో ఒంటరి మగవాళ్ళకొక గుమ్మం, ఫ్యామిలీలకొక గుమ్మం ఉండి తీరాలన్న నిబంధనని 2019 డిసెంబరులో ఇక్కడి ప్రభుత్వమే ఎత్తేసింది. మా హాళ్ళలో మాత్రం అది ఇంకా చెక్కు చెదరలేదు.

మొన్నామధ్య అలాంటి భోజనాలకే హైదరాబాదు నుంచి ప్రాజెక్టు పని మీద దిగిన ఒకాయన వచ్చాడు. గోంగూర మటన్ రెండోసారి వడ్డించుకుంటూ, "ఎన్నైనా చెప్పండి సార్, ఈ దేశంలో ఆడవాళ్ళని చూస్తే జాలేస్తుంది. మన సంస్కృతిలో స్త్రీకి ఉన్న గౌరవం ఇంకెక్కడుంది?" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఊపుతూనే లోపలి గది వైపు తిరిగి, "ఏమోయ్, మజ్జిగ!" అని కేకేశాను. మజ్జిగ వచ్చింది.

ఇంటికొచ్చాక ఆ కేక గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గుతో రాస్తున్నాను కాబట్టి కాస్త ఘాటుగా ఉంటే క్షమించండి. నేను వాదించదలుచుకున్నది ఒక్కటే. సంస్కృతి అని మనం గొంతు పెంచి చెప్పేదాంట్లో సగానికి పైగా మగవాడి సౌకర్యం. అవసరం పడ్డ రోజున ఆ సంస్కృతే గోడ దూకి పారిపోతుంది. అవసరం తీరాక మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చుని ధర్మాలు చెబుతుంది. ఇది సౌదీలకెంత నిజమో మనకీ అంతే నిజం. పద్దెనిమిదేళ్ళుగా రెంటినీ పక్కపక్కన చూస్తున్నవాణ్ణి.

ముందు వాళ్ళ సంగతి చెబుతాను, ఎందుకంటే పక్కవాడి వీపు మీది మచ్చ చూడటం తేలిక.

సౌదీలో ఆడవాళ్ళు కారు నడపకూడదన్నది అనాదిగా వచ్చిన ఆచారమని నేనూ అనుకునేవాణ్ణి. ఆలోచిస్తే నవ్వొస్తుంది, కారే అనాదిగా లేదు కదా! 1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది ఆడవాళ్ళు వరసగా కార్లు నడుపుకుంటూ రోడ్డెక్కారు. కువైట్ మీద సద్దాం దాడి చేసిన రోజులవి. కువైట్ నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు, అమెరికన్ సైన్యంలోని ఆడవాళ్ళు సౌదీ గడ్డ మీద బండ్లు నడుపుతుంటే చూసి, మేమెందుకు నడపకూడదనుకున్నారు. పట్టుకున్నారు. ఉద్యోగాల్లోంచి తీశారు, పాస్‌పోర్టులు లాక్కున్నారు. అంతవరకూ ఆనవాయితీగా మాత్రమే ఉన్నది ఆ తర్వాతే అధికారికంగా నిషేధమైంది. అంటే మనం "వాళ్ళ సంస్కృతి" అని చెప్పుకుంటున్న దాని ముద్ర వయసు నా ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ కంటే కొన్నేళ్ళే ఎక్కువ.

పోనీ మతం అందామా? మా ఊరి నుంచి సముద్రం మీద పాతిక కిలోమీటర్ల వంతెన దాటితే బహ్రెయిన్. అక్కడా అదే మతం, అదే ఎండ. అక్కడి ఆడవాళ్ళు హాయిగా నడుపుకునేవాళ్ళు. అంత దూరం కూడా అక్కర్లేదు. పక్కనే దహ్రాన్‌లో ఆరాంకో క్యాంపు గేటు లోపల ఆడవాళ్ళు కార్లు నడిపేవారు. అదే మనిషి, అదే కారు, గేటు దాటగానే ప్రయాణికురాలు. సంస్కృతికి సెక్యూరిటీ గేటు ఉంటుందని నాకు మొదట అర్థమైంది అక్కడే.

అన్నిటికంటే పెద్ద విడ్డూరం డ్రైవర్లది. పరాయి మగవాడి కంట పడకూడదని ఆడమనిషికి స్టీరింగు ఇవ్వలేదు సరే. మరి ఆమెని బజారుకీ కాలేజీకీ తీసుకెళ్ళేదెవరు? ఇంటి డ్రైవరు. ఎక్కడివాడు? మన కడప జిల్లావాడు, కరీంనగర్‌వాడు, కేరళవాడు. అలాంటి డ్రైవర్లు దేశం మొత్తం మీద లక్షల్లో ఉండేవారు. వాడు పరాయి మగవాడు కాడా? కాడు. జీతగాడికి మగతనం లెక్కలోకి రాదు. "నేను బండిలో ఒక పార్టు సార్, స్టెప్నీ లాగా," అన్నాడు రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకబ్బాయి నాతో. ఆడా మగా అన్నది దేవుడు గీసిన గీతే అయితే అది జీతాన్ని బట్టి ఎలా చెరిగిపోతుంది?

2011 మేలో మనాల్ అల్-షరీఫ్ కారు నడిపింది మా ఖోబార్ రోడ్ల మీదే. కంప్యూటర్లు చదివిన మనిషి, ఆరాంకోలో ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ పని. అంటే మా కులమే! ఆ వీడియో యూట్యూబ్‌లోకెక్కింది, ఆవిడ తొమ్మిది రోజులు నిర్బంధంలోకెళ్ళింది. మా తెలుగు మగవాళ్ళందరం "ఎందుకొచ్చిన గొడవ" అనుకుంటూనే ఆ వీడియో ఒకరికొకరం పంపుకున్నాం. రాత్రి ఇంట్లో చూస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి చూసింది. పూర్తయ్యాక ఒకే ప్రశ్న అడిగింది. "గేరు కారా, ఆటోమేటిక్కా?"

ఆ ప్రశ్న నేను పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది. ఆవిడ ఎం.సి.ఏ. చదివే రోజుల్లో స్కూటీ మీద విజయవాడంతా తిరిగిన మనిషి. వాళ్ళ నాన్నగారి మారుతి 800ని సాయంత్రం పూట బెంజి సర్కిల్‌లోంచి బయటికి తీసిన మనిషి. హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేసి, నాతో పెళ్ళై 2008లో ఇక్కడ దిగేసరికి చేతిలో పెట్టిన ఇఖామా మీద రెండు ముక్కలున్నాయి: డిపెండెంటు, పని చేయుటకు అనుమతి లేదు. అమెరికా పాఠకులు నవ్వకండి. హెచ్-4 మీద వెళ్ళిన మన అమ్మాయిలు 2015 దాకా మోసింది ఈ మాటే, ఆ తర్వాత కూడా అందరికీ పని అనుమతి రాలేదు.

నా వృత్తి భాషలో చెప్పాలంటే డిపెండెంటు అన్నది డేటాబేసులో ఒక గడి. ఆ వరసకి సొంత విలువ లేదు, ఇంకో వరసకి వేలాడుతూ ఉంటుంది. పాత సిస్టమ్‌లో ఇలాంటి డిజైన్ కనబడితే ఎందుకిలా అని అడుగుతాం. "అది బిజినెస్ రూల్ సార్, ముట్టుకోకండి" అంటారు. ఎవరు రాశారంటే తెలియదంటారు. తవ్వితే ఎప్పుడో ఒకరోజు ఎవడో తన పని తేలికవుతుందని పెట్టిందని తేలుతుంది. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో దేవుడు రాసిన బిజినెస్ రూల్ ఒక్కటీ కనబడలేదు.

ఆ గడి ఖరీదు మాకు 2016లో తెలిసింది. ఇక్కడ అబ్షర్ అని ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది, ఫోన్లో యాప్ కూడా. భార్యాపిల్లలు దేశం దాటి వెళ్ళి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి, అది కుటుంబ యజమాని అకౌంటులోంచే తియ్యాలి. యజమాని అంటే నేను. ఆ రోజు నేను జుబైల్‌లో ఒక ప్లాంటులో ఉన్నాను, ఫోన్లు గేటు దగ్గర పెట్టి లోపలికెళ్ళాలి. ఉదయం తొమ్మిదికి విజయవాడ నుంచి ఫోన్, మామగారికి గుండెపోటు. మా ఆవిడ నాకు ఎన్నిసార్లు చేసిందో ఆ ఫోనుకే తెలుసు. సాయంత్రం అయిదింటికి బయటికొచ్చి చూసుకుని, కారులో కూర్చునే రెండు నిమిషాల్లో వీసా తీశాను. ఆ రాత్రి విమానం తప్పిపోయింది. మర్నాటి విమానంలో వెళ్ళి ఆవిడ ఆసుపత్రికి చేరేసరికి ఆయనకి మాట పడిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులున్నారు, మాట మాత్రం రాలేదు.

నిబంధన సౌదీవాళ్ళదే, ఒప్పుకుంటాను. కానీ చాలాసార్లు వెళ్ళి రావడానికి వీలైన వీసా ఒకటుంది, ముందే తీసి ఉంచుకోవచ్చు. "ఇప్పుడెక్కడికెళ్తావు, డబ్బు దండగ" అన్నది నేను. ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

సరే, 2017 సెప్టెంబరు 26న రాజుగారు ఉత్తర్వు ఇచ్చారు. 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్ళు కారు నడపొచ్చు. పెద్దల మనసు కరిగిందని కొందరు రాశారు. నాకు తెలిసినంతలో కరిగింది చమురు ధర. 2014లో పడిపోవడం మొదలుపెట్టి ప్రభుత్వ ఖజానాని ఊపేసింది. ఒక్క జీతం మీద సంసారం నడవదని, చదివించిన ఆడపిల్లలని ఇంట్లో కూర్చోబెట్టుకోవడం నష్టమని లెక్క తేలింది. ఉద్యోగంలోనో ఉద్యోగ ప్రయత్నంలోనో ఉన్న సౌదీ ఆడవాళ్ళు 2017లో నూటికి ఇరవై మంది కూడా లేరు. 2030 నాటికి ముప్ఫై చెయ్యాలన్నది లక్ష్యం. 2020లోనే దాటిపోయారు. మూడేళ్ళలో మారగలిగినదాన్ని మార్చరానిదని ఇన్నాళ్ళూ చెప్పారన్నమాట. పనిలో పనిగా, 2017-18లో మన దేశంలో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో అదే లెక్క నూటికి 23 మంది. జాలిపడ్డ ఆ పెద్దమనిషికి ఈ అంకె చెప్పాలనుకున్నాను, మజ్జిగ తాగుతూ మర్చిపోయాను.

ఇంకో సంగతి. నిషేధం ఎత్తెయ్యడానికి కొన్ని వారాల ముందు, 2018 మేలో, ఆ హక్కు కోసం ఏళ్ళ తరబడి అడిగిన ఆడవాళ్ళనే పట్టుకెళ్ళారు. లుజైన్ అల్-హథ్లూల్ 2021 ఫిబ్రవరి దాకా జైల్లోనే ఉంది. హక్కు ఇస్తూ, అడిగినవాళ్ళని లోపలెయ్యడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం కలగలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ పనే చిన్న ఎత్తున మా ఇంట్లో నేను చేస్తున్నాను. ఇచ్చేది నేనై ఉండాలి, అడిగితే వచ్చిందన్న పేరు రాకూడదు.

2018 జూన్ గడిచింది. డ్రైవింగ్ స్కూలు ఫీజు ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ, తగ్గాక చూద్దామన్నాను. తర్వాత ఇన్సూరెన్సు అన్నాను. ఇక్కడి కుర్రాళ్ళ డ్రైవింగు చూశావుగా అన్నాను. పాప బస్సుందిగా అన్నాను. ఇవన్నీ ప్రేమతోనే అన్నానని నా నమ్మకం. 2019 ఏప్రిల్లో ఒక రాత్రి సూపర్ మార్కెట్ నుంచి వస్తూ, కొత్తిమీర మర్చిపోయామని మళ్ళీ వెనక్కి తిప్పుతూ నేను సణుగుతుంటే, ఆవిడ అద్దంలోంచి బయటికి చూస్తూ అంది:

"రాజుగారు ఒప్పుకుని పది నెలలైంది. తమరెప్పుడు ఒప్పుకుంటారు?"

పదకొండేళ్ళలో ఆవిడ నన్ను "తమరు" అనడం అదే మొదటిసారి.

ఎందుకు ఆపాను అని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. భయం కొంత. కానీ అసలు కారణం చెప్పడానికి కాస్త నామోషీగా ఉంది. కొత్తిమీర కట్టకి కూడా నేనే కావలసి వచ్చిన ఆ రోజుల్లో నాకొక విలువుండేది. ఆఫీసులో నన్ను మార్చి ఇంకొకణ్ణి పెట్టుకోవచ్చు, ఇంట్లో కుదరదు. "డ్రైవరుద్యోగం చెయ్యలేక చస్తున్నా" అని స్నేహితుల దగ్గర చెప్పుకునేది ఫిర్యాదు అనుకున్నాను. అది గొప్ప. ఆ అక్టోబరులో ఆవిడకి లైసెన్సు వచ్చాక, శుక్రవారం భోజనాల్లో నేనేమన్నానో తెలుసా? "మా ఆవిడని నేనే నేర్చుకోమన్నానండీ."

"అబ్బే, మా ఆవిడే వద్దంటుందండీ" అనే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. నిజమే అయ్యుండొచ్చు. ఆడవాళ్ళు వద్దన్నదంతా మగవాళ్ళు అనిపించిందేనని నేననను. ఈ దేశంలో నల్ల అబాయా గురించి మనవాళ్ళు కార్చే కన్నీళ్ళు చూసి మా పక్కింటి వదినగారు, "మీకేం తెలుసు అన్నయ్యగారూ, నైటీ మీద వేసుకుని అయిదు నిమిషాల్లో కిందికెళ్ళి పాలు తెచ్చుకోవచ్చు, చీర కుచ్చిళ్ళు సర్దుకునే బాధ లేదు" అంది. ఎవరి సుఖం వాళ్ళు చెప్పాలి, ఇంకొకళ్ళు చెప్పకూడదు. కానీ స్నేహితులారా, పదేళ్ళు మూలన పెట్టిన సైకిలు తొక్కనంటే అది సైకిలు ఇష్టమనుకోవడం కుదురుతుందా?

ఇప్పుడు వంటింటి సంగతి. మగవాడి చేతికి వంట రాదన్నది మన సంస్కృతిలో మూలసూత్రం. దమ్మాం శివార్లలో లేబర్ క్యాంపుకి రండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మనుషులు, ఒక్కో గదిలో ఆరుగురో ఎనిమిది మందో. వారానికి వంతులు. తెల్లారి నాలుగింటికి లేచి అన్నం వండి, పప్పు తాలింపేసి, డబ్బాలు సర్దుకుని అయిదింటికి బస్సెక్కుతారు. బట్టలు వాళ్ళే ఉతుక్కుంటారు, గుండీలు వాళ్ళే కుట్టుకుంటారు. వాళ్ళ చేతి పచ్చిపులుసు తిన్నాను, మా ఇంట్లో ఏ ఆడమనిషికీ తీసిపోదు. అందులో ఒకతణ్ణి, "సెలవుకెళ్ళినప్పుడు ఇంటి దగ్గర వండుతావా?" అనడిగాను. గదిలో అందరూ పగలబడి నవ్వారు. "గాడ నేనెందుకు వండుత సార్, మా ఇంటామె లేదా!" అన్నాడు. ఆ ఇంటామె రెండేళ్ళుగా పొలం కౌలుకివ్వడం, బ్యాంకు అప్పు, పిల్లల ఫీజులు, మామకి మందులు అన్నీ ఒంటి చేత్తో నడుపుతోంది. ఇతను దిగిన రోజున ఆవిడ పాస్‌బుక్కు ఇతని చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్తుంది. ఇద్దరికీ రెండు పనులూ వచ్చు. రెండు నెలల సెలవులో ఇద్దరూ ఒక్కోటి మర్చిపోయినట్టు నటిస్తారు.

మా కోనసీమలో దీనికి తిరగేసిన కథ. రాజోలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు గల్ఫుకి ఇంటిపనికి, ఖద్దామాలుగా వెళ్తారు. నా చిన్నప్పుడు మా వీధి చివర ఒక పిన్ని అలా వెళ్ళింది. బాబాయి ఇద్దరు పిల్లల్నీ పెంచాడు. జడలేశాడు, కాలవ గట్టు మీద బట్టలుతికాడు. ఊరు అతన్ని "ఆడంగి" అంది. ఆవిడని ఏమందో ఇక్కడ రాయను. ఆవిడ పంపిన డబ్బుతో పెంకుటిల్లు డాబా అయ్యాక గృహప్రవేశం పీటల మీద కూర్చున్నది బాబాయే, యజమానిగా. అప్పుడెవరూ ఆడంగి అనలేదు. డాబాకి మగతనం ఉంటుంది కాబోలు.

ఈ ఖద్దామాల విషయంలో మన సర్కారు కూడా మొగుడి పాత్రే పోషిస్తోంది. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద, అంటే పదో తరగతి కూడా చదవని ఆడమనిషి, ముప్ఫై ఏళ్ళు నిండకపోతే గల్ఫులో పనికెళ్ళడానికి అనుమతివ్వరు. అదే చదువున్న మగవాడికి అలాంటి అడ్డు లేదు. ఆమె రక్షణ కోసమట. ఇరవయ్యెనిమిదేళ్ళ ఇద్దరు పిల్లల తల్లి ఓటెయ్యొచ్చు, సర్పంచి కావచ్చు, తన ఒంటి కష్టం ఎక్కడ అమ్ముకోవాలో మాత్రం నిర్ణయించుకోకూడదు. దాంతో ఏమవుతుంది? అప్పు ఆగదు కదా. ఏజెంటు విజిట్ వీసా మీద దుబాయి ఎక్కించి అక్కడి నుంచి దాటిస్తాడు. ఇంటిపనివాళ్ళ కోసం రెండు దేశాలూ 2014 జనవరిలో ఒప్పందం రాసుకున్నాయి. ఆ కాగితం ఈ దొడ్డిదారిన వచ్చినామెకి ఎలా అక్కరకొస్తుంది? ఏ రిజిస్టర్లోనూ ఆమె పేరుండదు. గోడ కట్టి, ఆ గోడ అవతల పడ్డవాళ్ళని చూసి అయ్యో అంటాం. సౌదీవాళ్ళూ స్టీరింగు విషయంలో రక్షణ అనే అన్నారు.

ఇక నాదొకటి మిగిలింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కని ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం తెచ్చింది 1986లో. దేశమంతటా వచ్చింది 2005లో. మా నాన్న 2012లో పోయారు. పెద్దకర్మ అయిన మూడో రోజున, నేను సెలవు అయిపోయి వెళ్ళాలి కదా అని, మా చెల్లెల్ని రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళాం. ఎకరన్నర కొబ్బరితోట. "పెళ్ళికి పసుపుకుంకుమల కింద ఇచ్చాంగా" అంది అమ్మ. నేనేమీ అనలేదు. హక్కు విడుదల దస్తావేజు మీద చెల్లెలు "ఎక్కడ పెట్టాలన్నయ్యా?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఏ ఉత్తర్వూ ఏ మత పోలీసూ లేరక్కడ. మేం ముగ్గురం, ఒక రైటరు.

కిందటి నెల ఆ చెల్లెలికి ఫోన్ చేశాను. వేసవికి వస్తున్నాను, తోటలో నీ సగం నీ పేర రాయిస్తాను, తేదీ చెప్పు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. వింటున్నావా అన్నాను.

"వింటున్నానన్నయ్యా. ఆయన్నడిగి చెప్తాను," అంది.